బావగారు కొనిచ్చిన త్రీ వుడ్

నేను పళ్ళ డాక్టర్‌ని. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద మా క్లినిక్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరో ఒకరి నోట్లోకి తొంగిచూడటమే నా పని. పుచ్చిన పన్ను, చీము పట్టిన చిగురు, గుట్కా మరకలు, రాత్రి తిన్న మాంసం పీచులు, ఇవేవీ నాకు రోత పుట్టించవు. అవి రోగాలు, వాటికి మందులున్నాయి. నాకు రోత పుట్టించింది మాత్రం గోల్ఫ్ మైదానంలో ఒక ఆదివారం పొద్దున చూసిన వ్యవహారం. ఇప్పటికీ తలుచుకుంటే నోరు చేదవుతుంది.

వంగి వంగి పని చేయడం వల్ల నాకు మెడా, కుడి భుజమూ పట్టేశాయి. ఫిజియోథెరపీ చేసే ఆవిడ, గదిలోంచి బయటపడి నడుం తిప్పే పని ఏదైనా పెట్టుకోమని చెప్పింది. ఆ మాట మా అక్కయ్య చెవిన పడింది. అక్కయ్య చెవిన పడితే బావగారి చెవిన పడినట్టే.

బావగారు ఉయ్యూరు పక్కన చెరకు పండించే కుటుంబంలో పుట్టిన మనిషి. ఫ్యాక్టరీకి చెరకు తోలడం ఎప్పుడో మానేసి, పొలాలు కొని ప్లాట్లు వేసి అమ్మే వ్యాపారంలోకి దిగారు. బాగా కలిసొచ్చింది. హైదరాబాద్‌లో పరిచయమైన బిల్డర్లను చూసి గోల్ఫ్ మొదలుపెట్టారు. మంగళగిరి దాటాక కొండ పక్కన ఎవరో తొమ్మిది హోల్స్, అంటే బంతి పడాల్సిన తొమ్మిది గుంటలు, ఉన్న చిన్న మైదానం ఒకటి వేస్తే, అందులో మొదట చేరిన వాళ్ళలో ఆయనొకరు.

"రా అమ్మాయ్, నీ మెడ సంగతి నేను చూసుకుంటా," అన్నారు. మా ఆయనకు ఆటలంటే టీవీలో చూసేవే. నేను ఒక్కదాన్నే వెళ్ళాను.

నాకు ఆ ఆట నచ్చింది. తెల్లవారుతూ ఉంటే తడిగడ్డి మీద నడవడం, కొంగలు పక్కకు తప్పుకోవడం, బంతి సరిగ్గా తగిలినప్పుడు వచ్చే చిన్న చప్పుడు, అన్నీ నచ్చాయి. భుజం నొప్పి కూడా నెమ్మదించింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

బంతిని కొట్టే కర్రను ఆ ఆటలో క్లబ్ అంటారు. మా అక్కయ్య కర్ర అనే అంటుంది, నేనూ అదే అంటాను. మొదటి దెబ్బకు బంతిని చిన్న మేకు మీద నిలబెట్టి పెద్ద కర్రతో బాదుతారు. ఆ తర్వాత బంతి నేల మీద ఉంటుంది, ఇంకా చాలా దూరం పోవాలి. అప్పుడు తీసేదాన్ని ఫెయిర్‌వే వుడ్ అంటారు. ఒకప్పుడు దాని తలకాయ చెక్కతో చేసేవారట. ఇప్పుడంతా ఇనుమే, పేరు మాత్రం మిగిలిపోయింది. అందులో మూడో నంబరు, ఐదో నంబరు, ఏడో నంబరు ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ కర్ర పొట్టిదవుతుంది, దాని ముఖం వెనక్కి వాలుతుంది, బంతి సులువుగా పైకి లేస్తుంది. మూడో నంబరు అన్నిటికన్నా దూరం కొడుతుంది. కానీ దాని ముఖం నిటారుగా ఉంటుంది కాబట్టి, చెయ్యి బాగా వేగంగా తిరిగితే తప్ప నేల మీది బంతి లేవదు.

నాకు వీటిలో ఏదో ఒకటి కావాల్సి వచ్చింది. బావగారి దృష్టిలో అసలు ఎంచుకోవడానికేం లేదు.

"వుడ్ అంటే త్రీ వుడ్డే అమ్మాయ్. ఫైవ్ ఏమో భయస్తులకి, సెవెన్ ఏమో మోకాళ్ళు పోయినోళ్ళకి. నీకేం తక్కువ?"

బెంజ్ సర్కిల్ వెనక సందులో ఈ సామాను అమ్మే షాపు ఒకటి ఉంది. లోపల పెద్ద తెర, ఎదురుగా పచ్చటి చాప. చాప మీది బంతిని తెరకేసి కొడితే, అది ఎంత దూరం పోయి ఉండేదో కంప్యూటర్ చెబుతుంది. షాపతను నన్ను చూడనే లేదు. బావగారి బూట్లు చూశాడు, గడియారం చూశాడు.

"మేడంగారి స్వింగ్ స్పీడ్ ఎంత ఉంటది సార్?" అని ఆయన్ను అడిగాడు, నేను పక్కనే నిలబడి ఉండగా.

నా గ్లౌజు కారులో ఉండిపోయిందంటే, షాపులోది ఒకటి ఇచ్చాడు. ఎంతమంది చేతులు దూరి వచ్చిందో, లోపల తడిగా, జిడ్డుగా ఉంది. వాసన చూడకుండానే తెలిసింది. తీసి బల్ల మీద పెట్టేసి ఉత్త చేత్తో కొట్టాను.

త్రీ వుడ్‌తో కొట్టినవాటిలో ఎక్కువ భాగం తెర అడుగునే పాకాయి. ఒక్కటి మాత్రం చక్కగా లేచింది. సెవెన్ వుడ్‌తో కొట్టినవి దాదాపు అన్నీ లేచి తిన్నగా పోయాయి. షాపతను ఆ పాకినవాటన్నిటినీ తుడిచేసి, త్రీ వుడ్‌తో లేచిన ఆ ఒక్కదాన్ని తెర మీద పెద్దదిగా పెట్టాడు.

"చూడండి సార్, మేడంగారిలో ఎంత పవర్ ఉందో."

"నాకు సెవెన్ వుడ్ నయమనిపిస్తోందండీ," అన్నాను.

ఆ మాట ఎవరికీ వినపడలేదు. బావగారు అప్పటికే కౌంటర్ దగ్గర కార్డు తీశారు. "నా తరఫున గిఫ్టు. కాదనకు, మీ అక్క బాధపడుద్ది."

అక్కడే నా చేతికి ఆ కర్ర ఇచ్చి, పక్కన నిలబడి, షాపతని చేత ఫోటో తీయించారు. నేను ఇంటికి చేరేసరికి ఆ ఫోటో చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఉంది. కింద వరసగా దణ్ణాలు, బొటనవేళ్ళు, 'బావగారి మనసు బంగారం' అని ఒకావిడ. నేను ఎంచుకోని వస్తువుకి నేను అందరికీ థాంక్స్ చెప్పాను. ఇచ్చేవాడి పేరు నలుగురికీ తెలియడానికి ఇచ్చే కానుకను పుచ్చుకోవడం ఎంత అసహ్యంగా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

మైదానంలో ఆ త్రీ వుడ్ నన్ను ఏడిపించింది. షాపులో చాప మెత్తగా ఉంటుంది, కర్ర కాస్త ముందు తగిలినా జారి బంతిని లేపేస్తుంది. మా నేల నల్లరేగడి. ఎండల్లో సిమెంటులా బిగుస్తుంది, వానల్లో బంకలా పట్టుకుంటుంది. గరిక దుబ్బుల మధ్య బంతి కూరుకుపోయి కూర్చుంటుంది. కర్ర నేలకు తగిలి ఎగిరి, బంతి నెత్తిన పడేది. బంతి గడ్డిని కోసుకుంటూ నాలుగు గజాలు పాకి ఆగిపోయేది.

"తల ఎత్తుతున్నావ్ అమ్మాయ్," అనేవారు బావగారు. వక్కపొడి నములుతూ, పక్కకు ఉమ్ముతూ, నా వెనకే నడిచేవారు. ఆయన ఉమ్మిన చోటే నా బంతి ఉన్న రోజులున్నాయి. ఆయన స్నేహితులు తలా ఒక మాట అనేవారు. ఒకరు మోచెయ్యి అనేవారు, ఒకరు మడమ అనేవారు, ఒకాయన ఊపిరి అన్నారు. వాళ్ళలో ఎవరి త్రీ వుడ్డూ నేల మీంచి సరిగ్గా లేవడం నేను చూడలేదు. గట్టిగా కొడితే లేస్తుందేమోనని నేను ఇంకా గట్టిగా కొట్టాను. భుజం నొప్పి తిరిగి వచ్చింది. క్లినిక్‌లో డ్రిల్ పట్టుకుంటే చెయ్యి లాగేది.

ఆ మైదానానికి ఒక పెద్దావిడ వచ్చేవారు. కాలేజీ ప్రిన్సిపాల్‌గా రిటైరయ్యారు. పంజాబీ డ్రెస్సు, టోపీ, ముఖమంతా తెల్లగా ఎండ క్రీము, ఎవరితో పనిలేకుండా తన ఆట తను ఆడుకుని పోయేవారు. ఒకరోజు బావగారు రాలేదు. నా బంతి పాకడం చూసి ఆవిడ ఆగారు.

"చాలా రోజులుగా చూస్తున్నానమ్మా. అది మీకు పనికొచ్చేది కాదు. ఇది పట్టుకోండి."

ఇచ్చింది ఏడో నంబరు. కొట్టాను. చేతికి దెబ్బ తెలియలేదు. బంతి కొండ కన్నా ఎత్తుకు పోయినట్టు కనిపించి, మెల్లగా దిగి, పడ్డచోటే ఆగింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ లేచింది. ఆవిడ దగ్గర ఐదో నంబరు కూడా ఉంటే అదీ చూశాను. గడ్డి దట్టంగా ఉన్నచోట బాగానే పోయింది, బోడి నేల మీద మళ్ళీ పాకింది. ఇంక ఆలోచించేదేం లేకపోయింది.

"మరి అందరూ త్రీ వుడ్ త్రీ వుడ్ అంటారెందుకు మేడమ్?"

"ఎంత దూరం పోయిందో చెప్పుకోవడానికి బావుంటుంది కదమ్మా. ఎటు పోయిందని మాత్రం మనం అడక్కూడదు."

ఆ వారమే హైదరాబాద్ నుంచి సెవెన్ వుడ్ తెప్పించుకున్నాను. నొప్పి తగ్గింది. కానీ బావగారు నా సంచిలో ఆ తలకాయ చూసి, అన్నంలో పురుగు కనిపించినట్టు ముఖం పెట్టారు.

"ఇదేంటి? నే కొనిచ్చింది ఏం చేశావ్?"

"సంచిలోనే ఉంది బావగారూ. నాకు దాంతో బంతి లేవట్లేదు."

"లేపాలి. లేవట్లేదని ముసలోళ్ళ కర్ర కొనుక్కుంటారా? నలుగురూ చూస్తే నన్నేమనుకుంటారు?"

ఆయన్ను ఎందుకు ఏమైనా అనుకోవాలో నాకు అర్థం కాలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఆయనే ఫోన్ చేశారు. ఒక పెద్ద అధికారి ఆదివారం ఆడటానికి వస్తున్నారు, భార్య కూడా వస్తున్నారు, ఆవిడకు తోడుగా నన్ను రమ్మన్నారు. అధికారి ఏ శాఖో ఇక్కడ అనవసరం. బావగారి లేఅవుట్ కాగితాలు ఆయన బల్ల మీద ఉన్నాయని అక్కయ్య ముందే చెప్పింది.

"వచ్చేటప్పుడు ఆ సెవెన్ వుడ్ ఇంట్లో పెట్టి రా అమ్మాయ్," అన్నారు ఫోన్ పెట్టేసే ముందు.

నేను రెండూ తీసుకెళ్ళాను.

మా మైదానంలో ఎవరి సంచి వాళ్ళే చక్రాల బండి మీద లాక్కోవాలి. ఆ రోజు బావగారు రెండు బండ్లు లాగారు, కుడిచేత్తో అధికారిది, ఎడంచేత్తో తనది. అధికారి నెమ్మదస్తుడిలా ఉన్నారు. చక్కటి పళ్ళు, చక్కటి ఇంగ్లీషు. బంతికి మట్టి అంటితే బొటనవేలు నాకి దాంతో రుద్దేవారు. ఎండెక్కాక గ్లౌజు విప్పి ఊరికే చెయ్యి పక్కకు చాపారు. బావగారు అందుకున్నారు. చెమటకు నానిపోయిన ఆ గ్లౌజును వేలు వేలూ విడదీసి, నోటితో ఊది, తన సంచి మీద ఆరేశారు. అరవయ్యేళ్ళ మనిషి, మా ఇంట్లో పెళ్ళిళ్ళకు పెద్దగా కూర్చునే మనిషి. నేను తల తిప్పుకున్నాను.

మూడో హోల్ దగ్గర అధికారి కొట్టిన బంతి కుడికి పోయి, మురుగుకాలవ గట్టు మీద బురదలో పడింది. నేనూ ఆయన భార్యా ఆ పక్కనే నడుస్తున్నాం, పడటం స్పష్టంగా చూశాం. పడ్డచోటి నుంచే కొట్టాలన్నది ఆట నియమం. బావగారు బండ్లు వదిలేసి పరుగులాంటి నడకతో ముందుకు పోయారు. బూటు మొనతో బంతిని బురదలోంచి తోశారు, ఇంకోసారి తోశారు, అది ఒక గరిక దుబ్బు మీద ఎక్కి కూర్చుంది. బూటును గడ్డికి రాసుకున్నారు.

"సార్, లక్కీ సార్. గడ్డి మీదే ఉంది," అని కేకేశారు.

అధికారి అంతసేపూ నిలబడి కొండకేసి చూస్తున్నారు. కొండ మీద చూడటానికేమీ లేదు. పని అయ్యేదాకా అటే చూసి, కేక వినపడ్డాక కదిలి వచ్చి, "ఓ, గుడ్," అన్నారు. తోసిన కాలు కన్నా, ఆ కొండకేసి చూసిన కళ్ళు నాకు ఎక్కువ రోత పుట్టించాయి. ఆయన భార్య సంచిలోంచి ఫోన్ తీసి ఏదో వెతుక్కుంటోంది.

ఆ తర్వాత బావగారు ఆగలేదు. హోల్‌కి మూరెడు దూరంలో ఉన్న బంతిని "అది పడ్డట్టే సార్," అని తీసి చేతికిచ్చారు. ఈ ఆటలో తక్కువ దెబ్బలు కొట్టినవాళ్ళే గొప్ప, అందుకని అధికారి ఎన్ని దెబ్బలు కొట్టారో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా బావగారు ఒకటి తగ్గించి చెప్పారు. అధికారి ప్రతిసారీ, "అంతేనా?" అని మర్యాదగా ఆశ్చర్యపోయారు.

ఆఖరి హోల్ ఆడుతుండగా నా బంతి బోడి నేల మీద ఆగింది. ముందు మురుగుకాలవ, దాని అవతల హోల్.

"త్రీ వుడ్ తియ్ అమ్మాయ్. సర్ చూస్తారు," అన్నారు బావగారు.

నేను సెవెన్ వుడ్ తీశాను. ఆయన చూశారు. కొట్టాను. బంతి లేచి, కాలవ దాటి, హోల్ ఉన్న పచ్చిక అంచున దిగింది.

అధికారి చప్పట్లు కొట్టారు. "బ్యూటిఫుల్. ఏ క్లబ్ అండీ అది?"

నేను నోరు తెరిచేలోగా బావగారే చెప్పారు. "త్రీ వుడ్ సార్. నేనే గిఫ్ట్ చేశాను."

కర్ర నా చేతిలోనే ఉంది. దాని అడుగున ఏడు అంకె వేలెడంత ఉంటుంది. ఆయన నా కళ్ళలోకి చూస్తూ ఆ మాట అని, రెండు బండ్లూ లాక్కుంటూ ముందుకు పోయారు.

ఆట అయ్యాక గేటు పక్క షెడ్డులో టిఫిన్లు పెట్టించారు. ఇడ్లీ, పునుగులు, అల్లం చట్నీ. బావగారి ఇంకో ఇద్దరు స్నేహితులు వచ్చి కలిశారు. బావగారు వాళ్ళకు నా దెబ్బ గురించి చెబుతున్నారు. చెప్పినకొద్దీ బంతి పోయిన దూరం పెరుగుతోంది. అధికారి ఆ కర్ర ఒకసారి చూపించమన్నారు. బావగారు చటుక్కున లేచి, నా సంచిలోంచి ఆ రోజు ఒక్కసారి కూడా బయటికి రాని త్రీ వుడ్ తీసి, తొడుగు విప్పి, ఆయన చేతిలో పెట్టారు.

"అది కాదండీ," అన్నాను. పన్ను తీసేయాలని పేషెంటుకు చెప్పే గొంతుతోనే అన్నాను. "నేను కొట్టింది సెవెన్ వుడ్‌తో. ఇది నాకు చేతకాదు. ఇంకో మాట. మూడో హోల్‌లో మీ బంతి గడ్డి మీద పడలేదు. కాలవ గట్టున బురదలో పడింది. బావగారు కాలితో తోశారు."

ఒకాయన పునుగు నోటిదాకా తీసుకెళ్ళి అలాగే ఆపారు. అధికారి టిష్యూతో మూతి తుడుచుకుని, కర్రను గోడకు ఆనించి, చిన్నగా నవ్వారు.

"డాక్టర్లు స్ట్రిక్ట్‌గా ఉంటారు. కాఫీ ఉందా అండీ?"

అందరూ నవ్వారు. బావగారు అందరికన్నా గట్టిగా, అందరూ ఆపేశాక కూడా కాసేపు నవ్వారు. నా ఎదురుగా ఇడ్లీ ఉంది. తినలేకపోయాను.

చేతులు కడుక్కునే చోట అధికారి భార్య నా పక్కకొచ్చి నిలబడింది. అద్దంలోకి చూస్తూ మాట్లాడింది.

"ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు తోస్తారండీ. ఈయనకి ఆట ఎంతొచ్చో ఈయనకే తెలీదు. మొదట్లో నేనూ చెప్పేదాన్ని." పంపు కట్టేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అక్కయ్య ఫోన్.

"ఏమే, నీకు మతి గానీ పోయిందా? బంతి కాలితో జరిపితే ఎవరి కొంప మునిగింది?"

"అబద్ధం కదక్కా."

"ఆయన వ్యాపారం చేసుకుంటున్నారే. నీకు మనుషుల కన్నా కర్రలు ఎక్కువైపోయాయి."

మర్నాడు క్లినిక్‌కి వెళ్తూ త్రీ వుడ్ తీసుకెళ్ళి వాళ్ళింట్లో ఇచ్చేశాను. అక్కయ్య గుమ్మంలోనే అందుకుని చెప్పుల స్టాండుకి ఆనించింది. కూర్చోమనలేదు. బావగారు లోపల ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నారు, బయటికి రాలేదు.

నేను ఆ రోజు షెడ్డులో అన్నదానివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. అధికారికి కోపం రాలేదు. తర్వాతి ఆదివారాలు కూడా వచ్చారు, బావగారు రెండు బండ్లూ లాగారు. లేఅవుట్‌కి అనుమతి కూడా వచ్చిందని గ్రూపులో పెట్టారు, మళ్ళీ దణ్ణాలు, బొటనవేళ్ళు. నేను ఆదివారం వెళ్ళడం మానేసి, మామూలు రోజుల్లో ప్రిన్సిపాల్ మేడమ్‌తో ఆడుకోవడం మొదలుపెట్టాను.

వానలు పడ్డాక ఒక బుధవారం పొద్దున బావగారు అనుకోకుండా కనిపించారు. వెంట ఒక కాంట్రాక్టరు, ఆ కాంట్రాక్టరు కోడలు. ఆ అమ్మాయి కొత్తగా నేర్చుకుంటున్నట్టుంది, చేతిలో మెరిసిపోతున్న త్రీ వుడ్. బంతి లేవక విసుగ్గా ఉంది. బావగారు నన్ను చూశారు. మా మధ్య ఏమీ జరగనట్టే చెయ్యి ఊపారు.

"ఆడవాళ్ళకి సెవెన్ వుడ్డే కరెక్టమ్మా," అన్నారు ఆ అమ్మాయితో, నాకు వినపడేట్టుగా. "మా మరదలికి నేనే చెప్పి మార్పించా. కావాలంటే అడుగు."

వాళ్ళిద్దరూ నాకేసి తిరిగారు. అన్నీ మళ్ళీ చెప్పొచ్చు. చెబితే ఆయన నవ్వుతారు, కాంట్రాక్టరూ నవ్వుతాడు. ఆ నవ్వు ఇంకోసారి వినే ఓపిక నాకు లేదు. నా కర్ర ఆ అమ్మాయికి ఇచ్చాను.

"ఎవరు చెప్పిందీ వినకండి. ఈ నేల మీద బంతి లేస్తుందో లేదో మీరే చూసుకోండి."

మొదటిది పాకింది. రెండోది లేచింది. ఆ అమ్మాయి ముఖం విప్పారింది.

"చెప్పానా," అన్నారు బావగారు, చప్పట్లు కొడుతూ.

కర్ర తీసుకుని, గుడ్డతో బురద తుడిచి, మేడమ్‌తో కలిసి అవతలికి నడిచాను. కాస్త దూరం పోయాక ఆవిడ అడిగారు.

"ఆయన మీకు బావగారు కదమ్మా?"

"మా అక్కయ్య భర్తండీ," అన్నాను.